నది ఒడ్డున దొరికిన సొరచేప పన్ను: ఏ జాతిదో చెప్పగలరా?

ఇసుకతిన్నె:

అందరికీ నమస్కారం. శిలాజాల గురించి నాకు తెలిసింది చాలా తక్కువ, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. పోయిన ఆదివారం మా అమ్మాయీ నేనూ నది ఒడ్డున నడుస్తుంటే, వరద తీశాక మలుపు లోపలివైపు బయటపడిన గులకరాళ్ళ మేటలో తనకి ఒక నల్లటి ముక్క దొరికింది. నేనైతే పలకరాయి పెచ్చు అనుకుని దాటేసేవాణ్ణే. తను దాన్ని నీళ్ళలో ముంచి పైకెత్తేసరికి ఒక పక్క తళుక్కుమంది, అప్పుడు గానీ మామూలు రాయి కాదని నాకు తట్టలేదు.

మూడు మూలల ముక్క, కొన ఒక పక్కకి వంగి ఉంది. పైభాగం నున్నగా, ముదురు బూడిద రంగులో, అక్కడక్కడా నీలం ఛాయతో ఉంది. కింది భాగం మాత్రం మెరుపు లేకుండా గరుకుగా, గోధుమ కలిసిన నలుపులో, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు రెండుగా చీలి ఉంది. ఒక పక్క దాదాపు చదును, రెండో పక్క ఉబ్బు. స్కేలు పెట్టి కొలిస్తే కొన నుంచి కింద దూరపు మూల దాకా 31 మిల్లీమీటర్లు వచ్చింది. చేతిలో పెట్టుకుంటే ఆ సైజుకి ఉండాల్సిన దానికన్నా బరువు అనిపిస్తోంది. కింద చీలిక సందులో గట్టిపడిన ఇసుకపెచ్చు కొంచెం పట్టేసి ఉంది.

సొరచేప పన్నే అని నాకు దాదాపు నమ్మకం కుదిరింది. ఇంటికి వచ్చిన బంధువు ఒకాయన చూసి, ఒకప్పటి రాకాసి సొరచేప మెగలోడాన్‌ది అన్నారు, అప్పటినుంచి మా అమ్మాయి కాలు ఒకచోట నిలవడం లేదు. తొమ్మిదేళ్ళ పిల్ల, స్కూల్ నుంచి రాగానే "ఎవరైనా చెప్పారా నాన్నా" అనే అడుగుతోంది. తనకి నిజం చెప్పాలని ఉంది. మెగలోడాన్ అయితే అవునని చెబుతాను, కాకపోతే అసలు పేరేంటో చెబుతాను.

ఇది శిలాజమేనా, లేక ఈమధ్య చచ్చిన సొరచేపదా? ఏ జాతిది? ఆ ఇసుకపెచ్చు పోవడానికి వెనిగర్‌లో నానబెట్టొచ్చా? ఇంకో సందేహం, ఇక్కడికి సముద్రం చాలా దూరం. సొరచేప పన్ను నదిలోకి ఎలా వచ్చింది?

గవ్వలసంచి:

కంగ్రాట్స్ అండీ, పాపకి కూడా! మీరు చెప్పినదాన్ని బట్టి మెగలోడాన్ పిల్లదే అయి ఉంటుంది. నల్లగా ఉందంటే లక్షల ఏళ్ళ నాటిదన్నమాట, ఎంత నలుపైతే అంత పాతది. నా దగ్గరా ఇలాంటిదే ఒకటి ఉంది, సన్నగా పొడుగ్గా ఉంటుంది, అదీ మెగలోడాన్ పిల్లదే అని ఇచ్చినవాళ్ళు చెప్పారు.

పొరలలెక్క:

ఇసుకతిన్నె గారూ, ముందు ఒక్క మాట: వెనిగర్ జోలికి వెళ్ళకండి. ఎందుకో తర్వాత చెబుతాను, ఈలోపు మంచినీళ్ళు తప్ప ఇంకేదీ తగలనివ్వకండి.

గవ్వలసంచి గారూ, మీరు సంతోషంతో అన్నారని తెలుసు, కానీ రంగుని బట్టి వయసు చెప్పడం కుదరదు. పన్ను మట్టిలో పడి ఉన్నప్పుడు చుట్టూ ఉన్న నీళ్ళలోంచి ఇనుము, మాంగనీస్, ఫాస్ఫేట్ లాంటివి అందులోకి చేరతాయి, రంగు వాటిదే. ఒకే కాలానికి చెందిన, ఒకే జాతి పళ్ళు ఒకచోట బొగ్గులా, ఇంకోచోట బూడిద రంగులో, మరోచోట లేత తేనె రంగులో దొరుకుతాయి. ఆ పన్ను ఎలాంటి మట్టిలో పడుకుందో రంగు చెబుతుంది గానీ ఎన్నేళ్ళు పడుకుందో చెప్పదు.

సైజు కూడా అంతే. మెగలోడాన్ పెద్ద పళ్ళు 15 సెంటీమీటర్లు దాటతాయి కాబట్టి చిన్నది దొరికితే "పిల్లది" అనేస్తాం. మెగలోడాన్ పిల్లల పళ్ళూ దొరుకుతాయి, నిజమే. కానీ 3 సెంటీమీటర్ల పళ్ళుండే సొరచేపలు డజన్ల కొద్దీ ఉన్నాయి. అందుకని సైజు ఆఖర్న చూడాలి.

ఇక శిలాజమా కాదా అన్నది. మీ వర్ణన వింటే శిలాజమే అనిపిస్తోంది. నిన్నమొన్నటి సొరచేప పన్ను అయితే పైభాగం పాలతెలుపు, వేరు కూడా తెలుపు లేదా లేత పసుపు, చేతిలో తేలిగ్గా ఉంటుంది. మీదాంట్లో వేరు కూడా లోపలిదాకా రంగు పట్టింది, బరువెక్కింది. వేరులో ఉండే సన్నటి రంధ్రాలన్నీ ఖనిజంతో నిండిపోతేనే ఆ బరువు వస్తుంది.

ఏ జాతి అన్నది చెప్పాలంటే మీరు ఇంకొన్ని చూసి చెప్పాలి. ఒక భూతద్దం, ఒక టార్చ్ చాలు. టార్చ్‌ని ఎదురుగా కాకుండా పక్కనుంచి, వాలుగా కొట్టండి, అప్పుడే అంచులు కనిపిస్తాయి.

మొదట అంచుల సంగతి. కొడవలికి ఉండే కక్కుల్లాంటివి ఉన్నాయా, అంచు కత్తిలా సాఫీగా ఉందా? కక్కులుంటే సన్నవా, ముతకవా? రెండు అంచులకీ ఒకేలా ఉన్నాయా? అన్నిటికన్నా ముఖ్యం, ఆ కక్కులు కొన చివరిదాకా వెళ్ళాయా, మధ్యలో ఆగిపోయాయా? ఇది ఓపిగ్గా చూడండి, సగం జాతులు ఇక్కడే తేలిపోతాయి.

తర్వాత ఉబ్బుగా ఉన్న పక్క తిప్పండి, అది నోటి లోపలివైపుకి ఉండే పక్క. మెరిసే భాగం ఎక్కడ అయిపోయి వేరు ఎక్కడ మొదలవుతుందో ఆ సరిహద్దులో, పక్షి రెక్కలు చాపినట్టు వంపు తిరిగిన ముదురు పట్టీ ఏమైనా ఉందా? అదే పక్క వేరు మధ్యలో గాడి ఉందా, ఉంటే ఎంత లోతు? ఆఖరుగా, పెద్ద కొనకి అటూ ఇటూ, వేరు దగ్గర చిన్న చిన్న పిల్లకొనలు ఏమైనా ఉన్నాయా?

ఫోటోలు పెట్టగలిగితే రెండు పక్కలా, ఒకటి పక్కనుంచి, మిల్లీమీటర్ల గీతలు కనిపించే స్కేలు పక్కన పెట్టి తీయండి. ఫ్లాష్ వద్దు, మెరుపు మీద కాంతి పడి అంచులు మాయమైపోతాయి. కిటికీ దగ్గర పగటి వెలుగు చాలు.

ఇసుకతిన్నె:

చాలా థాంక్స్ అండీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. రాత్రి లైట్లు ఆర్పేసి మా అమ్మాయి టార్చ్ పట్టుకుంది, నేను భూతద్దం పట్టుకున్నాను. మీరు చెప్పినట్టు వాలుగా కొట్టేసరికి అంతకుముందు కనిపించనివి కనిపించాయి.

కక్కులు ఉన్నాయి. కానీ రెండు అంచులూ ఒకేలా లేవు. కొన వంగిన వైపు, అంటే లోపలికి గుంటగా ఉన్న అంచుకి కక్కులు చాలా పెద్దవి, భూతద్దం లేకుండానే లెక్కపెట్టొచ్చు, మా అమ్మాయి 13 లెక్కపెట్టింది, నాకు 12 వచ్చాయి. వేరు దగ్గర చిన్నగా మొదలై పైకి పోయేకొద్దీ పెద్దవయ్యాయి. రెండో అంచు విల్లులా బయటికి వంగి ఉంది, దాని మీదవి చాలా సన్నవి, కింది సగంలోనే ఉన్నాయి, గోరుతో గీస్తే తెలుస్తాయి.

అసలు విషయం ఏమిటంటే రెండువైపులా కూడా కక్కులు కొన దాకా వెళ్ళలేదు. కొన చివర నాలుగైదు మిల్లీమీటర్లు సూదిలా సాఫీగా ఉంది. అరిగిపోయిందేమో అనుకున్నాను, కానీ చివరి కక్కు చాలా పెద్దగా, పదునుగా ఉండి అక్కడ టక్కున ఆగిపోయింది. అరిగి ఉంటే అదీ అరగాలి కదా?

ముదురు పట్టీ లేదు. లోపలివైపు వేరు మధ్యలో ముక్కులా బాగా ముందుకి పొడుచుకొచ్చింది, దాన్ని రెండుగా కోస్తూ లోతైన గాడి ఉంది, ఇసుకపెచ్చు ఇరుక్కున్నది ఆ గాడిలోనే. పిల్లకొనలు విడిగా ఏమీ లేవు.

పొరలలెక్క:

లెక్కపెట్టిన చిన్నారికి నా అభినందనలు చెప్పండి. ఒకటి అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, తను చూసిన చూపు చాలా సరైన చూపు. "అరిగి ఉంటే చివరి కక్కు కూడా అరగాలి" అని మీరు వేసుకున్న ప్రశ్న కూడా సరిగ్గా వేసుకోవాల్సినదే.

ఇది మెగలోడాన్ కాదండీ. హెమీప్రిస్టిస్ అనే సొరచేప పై దవడ పన్ను. నాకు ఇందులో అనుమానం లేదు, ఎందుకంటే ఈ పోలికలన్నీ ఒకేచోట కలిసి ఉండేది దానికే. కొన సాఫీగా వదిలేసి, దాని కిందనుంచి పెద్ద పెద్ద కక్కులు, వంగిన వైపు ముతకవి, రెండోవైపు సన్నవి, వేరు లోపలివైపు పొడుచుకొచ్చిన ముక్కు, దానిలో లోతైన గాడి. ఒకసారి చేతిలో పట్టుకుని చూసినవాళ్ళు మళ్ళీ పొరబడరు.

మిగతావి ఎందుకు కావో కూడా చెబుతాను, రేపు ఇంకో పన్ను దొరికితే మీకే పనికొస్తుంది. మెగలోడాన్‌కి కక్కులు చాలా సన్నగా, సమానంగా, రెండు అంచుల మీదా కొన దాకా వెళతాయి, ఉబ్బు పక్కన నేను అడిగిన ముదురు పట్టీ ఉంటుంది. మీదాంట్లో రెండూ లేవు. గ్రేట్ వైట్ పన్ను చదునుగా ఉంటుంది, కక్కులు ముతకవే కానీ కొన దాకా ఉంటాయి. టైగర్ షార్క్‌తో చాలామంది తికమక పడతారు, దానికీ కొన పక్కకి వంగి ఉంటుంది. కానీ దాని పన్ను కోడిజుట్టులా పొట్టిగా వెడల్పుగా ఉంటుంది, వంగినవైపు లోతైన నొక్కు ఒకటి ఉంటుంది, పెద్ద కక్కుల మీద మళ్ళీ చిన్న కక్కులుంటాయి. మాకో రకాలకి అసలు కక్కులే ఉండవు. బుల్ షార్క్ కుటుంబం పళ్ళు చాలాచోట్ల ఎక్కువగా దొరుకుతాయి, కానీ అవి సాధారణంగా ఇంతకన్నా చిన్నవి, కక్కులు సన్నగా ఉంటాయి.

పై దవడదే అని ఎందుకన్నానంటే, ఈ సొరచేపకి పైవీ కిందివీ అసలు పోలికే ఉండదు. పైవి మీకు దొరికినట్టు వెడల్పుగా, కోయడానికి. కిందివి సన్నగా, కొక్కెంలా వంగి, పొడిచి పట్టుకోవడానికి, కక్కులు దాదాపు ఉండవు, మొదట్లో ఒకటి రెండు చిన్న ముళ్ళు ఉంటే ఉంటాయి. రెండూ పక్కపక్కన పెడితే ఒకే నోట్లోవంటే నమ్మడం కష్టం. మళ్ళీ ఆ గులకరాళ్ళ దగ్గరికి వెళితే అలాంటి కొక్కెం పళ్ళ కోసం కూడా చూడండి, విరిగిన ముల్లు అనుకుని వదిలేస్తుంటారు.

వయసు సంగతి జాగ్రత్తగా చెప్పాలి. శిలాజంగా దొరికే పెద్ద పళ్ళ హెమీప్రిస్టిస్‌ని సెర్రా అనే జాతిగా గుర్తిస్తారు, అది ఎక్కువగా మయోసీన్, ప్లయోసీన్ పొరల్లో కనిపిస్తుంది. అంటే సుమారు 2 కోట్ల 30 లక్షల ఏళ్ళ నుంచి 26 లక్షల ఏళ్ళ క్రితం దాకా. మీ పన్ను ఈ లెక్కలో ఎక్కడ పడుతుందో అది ఏ రాతి పొరలోంచి ఊడిపడిందో తెలిస్తే గానీ చెప్పలేం. మీ ప్రాంతపు భూగర్భ పటం సంపాదించి, నదికి ఎగువన ఏ కాలపు సముద్రపు పొరలున్నాయో చూడండి, లెక్క చాలా దగ్గరికి వస్తుంది.

మీ అమ్మాయికి ఒక మంచి మాట కూడా చెప్పొచ్చు. మెగలోడాన్ సుమారు 36 లక్షల ఏళ్ళ క్రితమే పూర్తిగా అంతరించిపోయింది. హెమీప్రిస్టిస్ వంశం అలా కాదు, దాని బంధువు ఒకటి ఇప్పటికీ హిందూ మహాసముద్రంలోనూ, పసిఫిక్ పడమటి భాగంలోనూ బతికే ఉంది. నోరు మూసుకున్నా ఆ కింది కొక్కెం పళ్ళు బయటికి కనిపిస్తూనే ఉంటాయి. కక్కుల అమరిక ఇప్పటికీ అదే.

తడిరాయి:

వెనిగర్ గురించి నేను చెప్పాలి, ఎందుకంటే నేను ఆ తప్పు చేశాను.

నాలుగేళ్ళ క్రితం నాకు ఒక పన్ను దొరికింది, దాదాపు 4 సెంటీమీటర్లు, వేరు మీద గట్టి పెచ్చు. సున్నపు పెచ్చు వెనిగర్‌కి కరుగుతుందని ఎక్కడో చదివి, గ్లాసులో వేసి రాత్రంతా వదిలేశాను. మొదట బుడగలు వచ్చాయి, పని చేస్తోందని సంతోషపడ్డాను. తెల్లారి చూస్తే పెచ్చు పోయింది, దాంతోపాటే వేరు కూడా సుద్దలా మెత్తబడిపోయింది. బొటనవేలితో తాకితే పొడి రాలింది. మెరిసే భాగం మీద మెరుపు పోయి తెల్లటి పొర కమ్మింది. అంచు మీద కక్కులు ఉండేవి, వాటి స్థానంలో గుండ్రటి అంచు మిగిలింది. ఫోటో కూడా ముందు తీసుకోలేదు. అది ఏ జాతిదో ఇప్పటికీ నాకు తెలియదు, ఇంక తెలిసే అవకాశమూ లేదు. ఆ డబ్బా తీసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

కారణం తర్వాత తెలుసుకున్నాను. పన్ను కాల్షియం ఫాస్ఫేట్, అది ఆమ్లానికి కరుగుతుంది. పెచ్చుని మాత్రం కరిగించి పన్ను దగ్గర ఆగిపో అంటే ఆమ్లం వినదు. నిమ్మరసమైనా అంతే. బ్లీచ్ కూడా వద్దు.

నేనిప్పుడు చేసేది ఒక్కటే. మంచినీళ్ళలో ఒక రోజు, నీళ్ళు మారుస్తూ మరో రోజు నానబెడతాను. తర్వాత మెత్తటి టూత్‌బ్రష్, గాడుల్లో అయితే చెక్క టూత్‌పిక్. సూది, పిన్నీసు వాడను, గీతలు పడతాయి. నీడలో ఆరబెడతాను, ఎండలో పెడితే ఒక్కసారిగా ఆరి వేరు పగిలే ప్రమాదం ఉంది. ఇసుకపెచ్చు అప్పటికీ రాకపోతే అలాగే ఉంచేయండి. అది మురికి కాదు.

పొరలలెక్క:

తడిరాయి గారి చివరి మాట పట్టుకోండి. గాడిలో ఇరుక్కున్న ఆ పెచ్చు బహుశా ఆ పన్ను మొదట పడి ఉన్న పొర తాలూకు ముక్కే. ఇసుక రేణువుల సైజు, అందులో గవ్వ ముక్కలేమైనా ఉన్నాయా అన్నది చూసి, ఎగువన కనిపించే రాతితో పోల్చి చూడొచ్చు. నదిలో కొట్టుకొచ్చిన పన్నుకి పుట్టిల్లు చెప్పే సాక్ష్యం చాలాసార్లు అదొక్కటే ఉంటుంది.

వేరు పొడిగా రాలుతుంటే తప్ప పైన ఏమీ పూయకండి. రాలుతుంటే మామూలు సూపర్ గ్లూ, వార్నిష్ వద్దు. మ్యూజియంలలో పారలాయిడ్ బి-72 అనే రెసిన్‌ని అసిటోన్‌లో పలచగా కలిపి వాడతారు, కావాలంటే తర్వాత అసిటోన్‌తోనే తీసేయొచ్చు. మీ పన్నుకి ఆ అవసరం ఉన్నట్టు లేదు.

మలుపునీరు:

సముద్రం దూరం, పన్ను ఎలా వచ్చింది అన్న ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు, నాకు ఇష్టమైన భాగం అదే కాబట్టి రాస్తున్నాను.

నది దాన్ని సముద్రంలోంచి తేలేదు, నది ఎప్పుడూ సముద్రం వైపుకే పోతుంది కదా. పన్ను ముందునుంచీ ఆ నేలలోనే ఉంది. ఒకప్పుడు ఆ నేల మీద సముద్రం నిలిచి ఉండేది. సొరచేపలు తిరిగాయి, పళ్ళు రాల్చాయి, అడుగున బురద కప్పేసింది, అది గట్టిపడి పొర అయింది. తర్వాత నేల పైకి లేవడమో, సముద్రం వెనక్కి తగ్గడమో జరిగింది. ఎంతో కాలానికి నది వచ్చి ఆ పొరని కోసుకుంటూ పోయింది. చుట్టూ ఉన్న మెత్తటి రాయి అరిగి కొట్టుకుపోతే గట్టి పన్ను మిగిలింది.

మలుపు లోపలివైపు గులకరాళ్ళలోనే ఎందుకు దొరికిందో దానికీ కారణం ఉంది. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ సాంద్రత నీటికి 2.65 రెట్లు. పన్నులో ఉండే అపటైట్ అనే ఖనిజానిది 3.1 రెట్ల పైన. నీళ్ళ వేగం తగ్గేచోట బరువైనవి ముందు దిగిపోతాయి, ఇసుక ఇంకా ముందుకి పోతుంది. అందుకే మలుపు లోపలి అంచులూ, పెద్ద రాళ్ళ వెనక సందులూ, గులకరాళ్ళు ఒత్తుగా పేరుకున్న గుంటలూ వెతకాల్సిన చోట్లు. వరద తీసిన కొత్తల్లో అయితే మరీ మంచిది, మేట మొత్తం తిరగబడి ఉంటుంది.

దీనివల్లే ఒక చిక్కు కూడా. నదిలో దొరికినదాన్ని బట్టి పక్కనున్న రాయి వయసే దీని వయసు అనుకోకూడదు. పన్ను ఒక పొరలోంచి ఊడి, ఇంకో కొత్త పొరలో చేరి, అందులోంచి మళ్ళీ ఊడి వచ్చి ఉండొచ్చు. అలా తిరిగినవాటి కొనలూ అంచులూ గుండ్రంగా అరిగిపోతాయి. మీ పన్ను కక్కులు ఇంకా పదునుగా ఉన్నాయంటున్నారు కాబట్టి ఎక్కువ దూరం దొర్లలేదు, దాని పొర ఎగువన దగ్గర్లోనే ఉండి ఉంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే "నదిలో సొరచేపా" అని చాలామంది కొట్టిపారేస్తారు. బుల్ షార్క్ మంచినీళ్ళలోనూ బతకగలదు. అమెజాన్‌లో వేల కిలోమీటర్లు ఎగువకి వెళుతుంది. 1937లో మిసిసిపీ నదిలో ఆల్టన్ అనే ఊరి దగ్గర, సముద్రానికి అంత దూరంలో ఒకదాన్ని పట్టుకున్నారు. కాబట్టి నదిలో తెల్లటి, తేలికైన పన్ను దొరికితే అది ఈ కాలపుది కూడా కావొచ్చు. మీది ఆ కోవలోది కాదు.

మీకింకో అనుమానం రావొచ్చు, అన్నేళ్ళలో పళ్ళు తప్ప సొరచేప ఎముకలు ఎందుకు దొరకవని. దానికి ఎముకలే లేవు. అస్థిపంజరమంతా మన చెవి డిప్పలో ఉండే మృదులాస్థి లాంటిది, అది చాలావరకు కుళ్ళిపోతుంది. వెన్నుపూసలు ఎప్పుడైనా దొరుకుతాయి. పళ్ళు మాత్రం వరసలు వరసలుగా వెనకనుంచి ముందుకి వస్తూ, ముందువి రాలిపోతూ ఉంటాయి. ఒక్క సొరచేప జీవితకాలంలో వేల పళ్ళు రాలుస్తుంది. మీ పన్ను వదిలిన సొరచేప ఆ రోజు చచ్చిపోవాల్సిన పనిలేదు, రాల్చి వెళ్ళిపోయి ఉంటుంది. పాపకి ఇది చెప్పండి, పిల్లలకి నచ్చుతుంది.

గవ్వలసంచి:

పొరలలెక్క గారూ, రంగు గురించి నేను చెప్పింది తప్పు, ఒప్పుకుంటున్నాను. మీ పోస్ట్ చదివాక నా దగ్గరున్నది తీసి టార్చ్ కింద చూశాను. అంచులకి కక్కులు అసలు లేవు. సన్నగా పొడుగ్గా ఉంది, పక్కనుంచి చూస్తే ఎస్ అక్షరంలా కొంచెం మెలి తిరిగి ఉంది. వేరు దగ్గర రెండుపక్కలా చిన్న పిల్లకొనలు, ఒకటి విరిగింది. వేరు రెండు కాళ్ళూ పొడుగ్గా ఉన్నాయి. ఇన్నాళ్ళూ మెగలోడాన్ అనే అందరికీ చూపించాను. ఇదేమిటి మరి?

పొరలలెక్క:

మీరు చెప్పినదాన్ని బట్టి శాండ్ టైగర్ తరహా సొరచేప ముందు పన్ను. సాఫీ అంచు, సన్నటి పొడుగు, మెలిక, పక్కన పిల్లకొనలు, ఇవన్నీ ఆ గుంపు గుర్తులే. కోసే పన్ను కాదది, జారిపోయే చేపని గుచ్చి పట్టుకునేది. లోపలివైపు ఉబ్బు మీద పైనుంచి కిందికి సన్నటి గీతలు, ముడతల్లా ఉన్నాయేమో చూడండి. బాగా స్పష్టంగా ఉంటే స్ట్రయటోలామియా అనే పాత రకం కావొచ్చు, అది ఇసుకతిన్నె గారి పన్నుకన్నా చాలా ముందు కాలపుది. గీతలు లేకపోతే గుంపు పేరు దగ్గరే ఆగుదాం. పక్కా సాక్ష్యం లేకుండా జాతి దాకా వెళ్ళకూడదు.

అందరికీ చూపించానని బాధపడకండి. ఈ శిలాజ పళ్ళని నాలుక రాళ్ళు అని పిలుస్తూ మనుషులు ఎన్నో శతాబ్దాలు పొరబడ్డారు. చంద్రగ్రహణం నాడు ఆకాశంలోంచి రాలతాయని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. విషానికి విరుగుడని దగ్గర పెట్టుకున్నవాళ్ళున్నారు. 1616లోనే ఇటలీ పండితుడు ఫాబియో కొలోన్నా ఇవి సొరచేప పళ్ళని వాదించాడు. 1666లో లివోర్నో దగ్గర జాలర్లకి చిక్కిన పెద్ద సొరచేప తలని ఫ్లారెన్స్‌లో డెన్మార్క్ శాస్త్రవేత్త నికొలాస్ స్టెనో కోసి చూశాడు. నోట్లో పళ్ళనీ, రాతిలో దొరికే నాలుక రాళ్ళనీ పక్కపక్కన పెట్టి, రెండూ ఒకటే అన్నాడు. మరి గట్టి రాతి లోపలికి పన్ను ఎలా దూరింది అన్న ప్రశ్న వెంటాడుతూ పోయి, ఆ రాయి ఒకప్పుడు మెత్తటి బురద అనీ, పొరలు కిందివి ముందూ పైవి తర్వాతా ఏర్పడతాయనీ తేల్చాడు. మీరు నిన్న టార్చ్ కింద చేసిందీ ఆయన చేసిన పనే, రెండిటినీ పోల్చి చూడటం.

తడిరాయి:

ఇసుకతిన్నె గారూ, మళ్ళీ వెళతారనుకుంటాను, వెళ్ళకుండా ఉండలేరు కూడా. గట్టు కింద గుంట తవ్వకండి. వరద తీసిన గట్లు లోపల తడిగా ఉండి పైకి గట్టిగా కనిపిస్తాయి, చెప్పకుండా కూలతాయి. పిల్లతో వెళుతున్నారు, గట్టు ఎంత ఎత్తుంటే దానికి కనీసం అంత దూరంలో ఉండి మేట మీదే వెతకండి. ఆ నేల ఎవరిదో, అక్కడ శిలాజాలు తీసుకోవడానికి అనుమతి కావాలో కూడా కనుక్కోండి, దీని మీద రూల్స్ ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, రక్షిత ప్రాంతమైతే చేయి కూడా పెట్టకూడదు.

పొరలలెక్క:

దొరికిన చోటు రాసుకోండి, ఇవాళే. ఫోన్‌లో లొకేషన్ గుర్తు పెట్టుకుని ఉంటే ఆ అంకెలు, లేకపోతే ఏ మలుపు, ఏ గట్టున, నీటి అంచుకి ఎంత దూరం. తేదీ, ఎవరికి దొరికింది. ఒక చిన్న కాగితం మీద పెన్సిల్‌తో రాసి పన్నుతో పాటే డబ్బాలో పెట్టండి, ఇంకు పెన్ను రాత తడి తగిలితే పోతుంది. ఆ కాగితం లేని పన్ను అందంగా ఉంటుంది, కానీ దాన్నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు. మ్యూజియంకి పట్టుకెళ్ళినా వాళ్ళు మొదట అడిగేది ఇదే.

ఇసుకతిన్నె:

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. మెగలోడాన్ కాదని చెబితే అమ్మాయి ఏడుస్తుందేమో అని టెన్షన్ పడ్డాను. రెండు నిమిషాలు మౌనంగా ఉండి, "అయితే దాని చుట్టాలు ఇంకా ఈదుతున్నాయా" అని అడిగింది. అవునన్నాను. ఇప్పుడు కింది దవడ కొక్కెం పన్ను కావాలంటోంది.

రెండు రోజులు నీళ్ళలో నానబెట్టి బ్రష్ చేశాం. ఇసుకపెచ్చు సగం వచ్చింది, సగం అలాగే ఉంది. భూతద్దంలో చూస్తే ఇసుక మధ్య తెల్లటి గవ్వ పెచ్చు ఒకటి మెరుస్తోంది, ఆవగింజలో సగం ఉంటుంది. మిగిలింది తీయనివ్వనని తనే చెప్పింది. ఎగువన కిలోమీటరు దూరంలో గట్టు కోసుకుపోయిన చోట పసుపు ఇసుకరాయి పొర కనిపిస్తుంది, శనివారం దూరంనుంచి ఫోటో తీసి పెడతాను, పోల్చి చెప్పండి.

కాగితం తనే రాసింది, పెన్సిల్‌తో. తేదీ, తన పేరు, "నది మలుపు లోపలివైపు, గులకరాళ్ళ మేట, నీటికి ఆరు అడుగులు", కింద "హెమీప్రిస్టిస్, పై దవడ, కక్కులు 13". 12 అని నేనన్నాను, ఒప్పుకోలేదు. మళ్ళీ ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం, వేరుకి ఆనుకుని చాలా చిన్నది ఒకటి నేను వదిలేశాను. 13 సరైనదే.